పచ్చను కొలిచే పట్టీ

పక్క చేను నలుపెక్కి కనిపించిందా, మా డెల్టాలో సాయంత్రానికల్లా ఇంకో కట్ట యూరియా మడిలో పడుతుంది. తన పైరుకు కావాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, 50 కిలోల డీఏపీ 1350. 2010లో పోషకాల వారీ సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియా ఒక్కదాన్ని దాని బయటే ఉంచారు. అంత చవగ్గా దొరికేదాన్ని పొదుపుగా వాడమంటే ఎవరు వింటారు? రైతునొక్కణ్నే తిట్టడం నాకు నచ్చదు.

కానీ నీళ్లు నిలిచిన వరిమడిలో చల్లిన నత్రజనిలో పైరుకు దక్కేది 30 నుంచి 40 శాతమే. ఎండ ఎక్కేకొద్దీ మడినీటిలో క్షారగుణం పెరిగి, కొంత అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది. కొంత మురుగుకాల్వ పాలు. మడి ఆరుతూ తడుస్తూ ఉండే చోట నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది. నూరేళ్ల లెక్కన భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకు సుమారు 270 రెట్లు. ఇవన్నీ కంటికి కనపడవు. కనపడేది ఎరువు మించినందుకు వచ్చే దోమపోటు, గాలికి పడిపోయిన చేను. ఆపైన పురుగుమందు ఖర్చు.

ఈ వృథాను ఆపడానికి నాకు నచ్చిన పనిముట్టు ఒక ప్లాస్టిక్ పట్టీ, ఆకు రంగుల పట్టిక. లేతాకుపచ్చ నుంచి ముదురాకుపచ్చ దాకా వరసగా రంగులుంటాయి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీన్ని ఆసియా రైతుల్లోకి తీసుకొచ్చింది. నాటిన రెండు వారాల నుంచి పూత దాకా, వారం పది రోజులకోసారి, పొద్దుటిపూట పది దుబ్బులు ఎంచుకుని, పూర్తిగా విచ్చుకున్న పై ఆకును తుంచకుండా పట్టీకి ఆనించి చూడాలి. సూర్యుడికి వీపు పెట్టి మన నీడలోనే చూడాలి, ఎండలో రంగు మోసం చేస్తుంది. పదింట్లో ఆరు ఆకులు, రకాన్ని బట్టి, మూడో నాలుగో రంగు కన్నా వెలవెలబోతేనే ఎరువు. ప్రతిసారీ ఒకే మనిషి చూడాలన్న నియమం నాకు మరీ ఇష్టం. ఇద్దరి కళ్లకు పచ్చ ఒక్కలా ఉండదు మరి!

నత్రజని త్వరగా చేజారకుండా యూరియాలో వేపపిండి కలిపి చల్లడం పాత అలవాటే. 2015 నుంచి దేశంలో యూరియా దాదాపు అంతా వేపనూనె పూతతోనే వస్తోంది. రెండు కట్టలు చాలే చోట నాలుగు గుమ్మరిస్తే ఆ పూత మాత్రం ఏం చేస్తుంది?

ఇక చల్లే తీరు. నీళ్లు తీసేసి బురద పదునులో చల్లి, ఒకట్రెండు రోజులాగి మళ్లీ పెట్టాలంటారు. మడి నుంచి మడికి నీరు పారే మా వైపు ఇదే చిక్కు. పైవాడు మడవ మూయకుండా చల్లితే ఎరువు కిందివాడికి దానం. ఒక తూము కింది రైతులంతా మాట్లాడుకుని వంతులు వేసుకుంటే తప్ప పట్టిక చెప్పిన రోజున మడి ఆరదు. ఆ మాటలు ఊడ్పులకు ముందే జరగాలి.