ముంజేతిలో పిడికిలి

కుడిచేతి పిడికిలి గట్టిగా బిగించండి. మోచేతికి కాస్త కిందగా, అరచేతి వైపున్న కండను ఎడమచేత్తో పట్టుకుని చూడండి. రాయిలా ఉంటుంది. ఇప్పుడు పిడికిలి వదిలి, వేళ్లన్నీ వెనక్కి విరిచినట్టు చాపండి. ఆ కండ మెత్తబడి, ముంజేతికి అవతలి వైపు కండ లేస్తుంది. వేళ్లు మడిచామని మనం అనుకుంటాం గానీ వేళ్లలో కండలు లేవు. గట్టిగా పట్టే బలంలో చాలా భాగం ముంజేతిలో ఉంది. అక్కణ్ణుంచి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు గుండా వేళ్ల కొసలదాకా వెళ్లి లాగుతాయి. తోలుబొమ్మలాటలో బొమ్మ చెయ్యి ఆడేది తెర మీద, ఆడించే చెయ్యి ఉండేది తెర వెనక. ఇదీ అంతే.

అందుకని చెయ్యి పోయినా పిడికిలి పోదు. హైదరాబాదులో నాచారంలోనో చర్లపల్లిలోనో ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషన్ కింద పడి చెయ్యి నలిగిపోతే, మణికట్టు పైదాకా తీసేయక తప్పని పరిస్థితి వస్తుంది. అరచేయి పోతుంది, వేళ్లు పోతాయి. వాటిని ఆడించిన కండ మాత్రం చాలావరకు మిగిలే ఉంటుంది. లేని వేళ్లను మడవమంటే మెదడు ఆజ్ఞ పంపుతుంది, నరం దాన్ని మోస్తుంది, కండ బిగుస్తుంది. బిగుసుకున్న ప్రతిసారీ అందులో సన్నని విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును చర్మం మీదే పట్టుకుని, పెద్దది చేసి, ఒక మోటారుకి అందిస్తే కృత్రిమ చేయి మూసుకుంటుంది. మయోఎలక్ట్రిక్ చేయి అంటే ఇదే. మన భాషలో మొండిచేయి చూపడమంటే ఏమీ ఇవ్వకుండా పంపేయడం. ఈ విద్యలో మాత్రం ఇచ్చేది ఆ మొండిచేయే. దాన్నుంచి ఎంత వినగలం అన్నదాని మీదే తక్కినదంతా ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతి హైదరాబాదు ఏఎస్ రావు నగర్‌లో కూర్చుని రాయడానికి నాకు ఒక కారణం ఉంది. ఈ కాలనీకి పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీలో చదివి, స్టాన్‌ఫర్డ్ వెళ్లి, తిరిగొచ్చి హోమీ భాభా దగ్గర కాస్మిక్ కిరణాల పరిశోధనలో చేరారు. 1956 ఆగస్టులో ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టరుకి కంట్రోలు వ్యవస్థను కట్టింది ఆయన బృందమే. 1967లో ఆయన ఆధ్వర్యంలో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇక్కడికి వచ్చింది. దాని చుట్టూ కుషాయిగూడ, కమలానగర్, ఈ కాలనీ పెరిగాయి. ఈసీ టీవీ చాలామందికి గుర్తుంటుంది. ఆ సంస్థకు పునాది మాత్రం అణు పరికరాలు. రియాక్టరులో న్యూట్రాన్ల జాడ చెప్పే డిటెక్టరు ఇచ్చేది అతి చిన్న కరెంటు. చుట్టూ పంపులు, మోటార్లు, ఆమడ పొడుగు కేబుళ్లు. ఆ రొదలోంచి చిన్నదాన్ని చెడకుండా ఏరి తీసుకురావాలి. ఈసీఐఎల్ కృత్రిమ చేతులు చేసిందని నేను చెప్పడం లేదు. కానీ చేతి కండలోంచి సంకేతం తీయడం కూడా సరిగ్గా ఇదే విద్య. ఈ వీధుల్లో రిటైరై ఉన్న ఎంతోమంది ఇంజినీర్లకు అది కరతలామలకం.

కండ నుంచి చర్మం మీదికి వచ్చేది మహా అయితే కొన్ని మిల్లీవోల్టులు. మెల్లగా బిగిస్తే అంతకన్నా చాలా తక్కువే ఉంటుంది. మన గోడలోని కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు ఊగుతుంది. మనిషి ఒళ్లు యాంటెనాలా ఆ ఊపును పీల్చుకుంటుంది. కండ మాట్లాడేది ఇంచుమించు 20 నుంచి 500 హెర్ట్జ్‌ల మధ్య, అంటే గోడ కరెంటు రొద కూడా ఆ గొంతులోనే కలిసిపోతుంది. 50ని పూర్తిగా కోసేస్తే కండ మాటలో కొంత ముక్కా పోతుంది.

దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. పెళ్లి మండపంలో బాజాలు మోగుతుంటే ఒకాయన గుసగుసగా ఏదో అన్నాడనుకోండి. ఆయనకు కాస్త దగ్గరా దూరంలో ఇద్దర్ని నిలబెట్టండి. బాజా ఇద్దరికీ ఒకేలా వినిపిస్తుంది. గుసగుస మాత్రం ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఒకరు విన్నదాంట్లోంచి రెండోవారు విన్నది తీసేస్తే బాజా సున్నా అయిపోతుంది, గుసగుస మిగులుతుంది. కండ వెంబడి రెండు లోహపు బిళ్లలు పెడతారు, మూడోది కండతో సంబంధం లేని చోట ఆధారంగా ఉంటుంది. రెండు బిళ్లల తేడాను మాత్రమే యాంప్లిఫయరు వెయ్యి రెట్లు, అంతకు మించి పెంచుతుంది. పైకీ కిందకీ గజిబిజిగా ఊగే ఆ గీతలో కింది సగాన్ని పైకి మడిచి, నునుపు చేస్తే, కండ ఎంత బిగుసుకుందో చెప్పే ఒక గుట్టలాంటి రేఖ వస్తుంది. అది ఒక హద్దు దాటితే మోటారు కదులుతుంది. గుట్ట ఎత్తును బట్టి వేగం పెరిగేలా కూడా అమరుస్తారు. ఇదంతా పావు సెకనులోపు అయిపోవాలి. అంతకన్నా ఆలస్యమైతే చెయ్యి తనది కాదన్నట్టు అనిపిస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. మ్యూనిక్‌లో రైన్‌హోల్డ్ రైటర్ 1940లలోనే ఇలాంటి చెయ్యి చేసి 1948లో ప్రచురించాడు. అప్పటికి ఉన్నవి వాక్యూమ్ ట్యూబులు కాబట్టి అది బల్ల దగ్గర పనిచేసేదే తప్ప తొడుక్కుని తిరిగేది కాదు. 1950ల చివర్లో మాస్కోలో కోబ్రిన్‌స్కీ బృందం ట్రాన్సిస్టర్లతో దాన్ని ఒంటి మీదికి తెచ్చింది.

మామూలుగా వాడే పద్ధతిలో రెండు చోట్ల బిళ్లలు ఉంటాయి. లోపలి కండ బిగిస్తే చెయ్యి మూసుకుంటుంది, వెలుపలి కండ బిగిస్తే తెరుచుకుంటుంది. మణికట్టు తిప్పాలంటే? రెండు కండల్నీ ఒక్కసారి టక్కున బిగించాలి. అప్పుడు చెయ్యి ‘ఇకపై ఈ సంకేతాలు మణికట్టువి’ అని మారుతుంది. మళ్లీ టక్కున బిగిస్తే మళ్లీ వేళ్లవి. గ్లాసు పట్టుకుని తాగడంలో ఇలా రెండు మూడుసార్లు గేరు మార్చాలి. ఇది పనిచేస్తుంది, కానీ మనసుకి శ్రమ.

ఆ శ్రమ తగ్గించడానికి వచ్చిందే నమూనాలను గుర్తుపట్టే పద్ధతి. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో హజిన్స్, పార్కర్, స్కాట్ 1993లో ఒక మాట నిరూపించారు. కండ సంకేతం ఎంత పెద్దదన్నదే కాదు, ఎన్నిసార్లు సున్నాను దాటింది, ఎన్నిసార్లు దిశ మార్చింది, గీత మొత్తం పొడవెంత అని కూడా లెక్కేస్తే ఒక్కో కదలికకి ఒక్కో ముద్ర దొరుకుతుంది. ముంజేతి చుట్టూ గాజులాగా కొన్ని బిళ్లలు పెట్టి, ‘మూయి, తెరువు, తిప్పు, చిటికెతో పట్టు’ అని చేయించి, ఆ ముద్రల్ని యంత్రానికి నేర్పుతారు. ఆ తర్వాత మనిషి గేర్లు మార్చనక్కర్లేదు. లేని చేత్తో ఏం చేయాలనుకున్నాడో అదే చేస్తాడు.

భుజం దాకా పోయినవాళ్లకి ముంజేతి కండే ఉండదు. టెన్నెస్సీలో హైటెన్షన్ తీగ తగిలి 2001లో రెండు చేతులూ పోగొట్టుకున్న లైన్‌మన్ జెస్సీ సలివన్ కథ ఇక్కడ చెప్పాలి. చికాగోలో టాడ్ కైకెన్ బృందం 2002లో ఆయన చేతికి వెళ్లాల్సిన నరాలను ఛాతీ కండలకు అతికించింది. నెలలు గడిచాక, చెయ్యి మూయాలని అనుకుంటే ఛాతీలో ఒక చోట కండ బిగుసుకోవడం మొదలైంది. బిళ్లలు అక్కడ పెట్టారు. మన దగ్గరా వర్షంలో స్తంభం ఎక్కే లైన్‌మన్లున్నారు, కరెంటు కాటుకి చేతులు పోయినవాళ్లున్నారు. ఈ శస్త్రచికిత్స గురించి ఎప్పుడు చదివినా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఇంత విద్య ఉన్నా, చెయ్యి నిలబడేదీ ఓడిపోయేదీ సాకెట్ దగ్గరే. మిగిలిన చేతికి తొడిగే గిన్నెలాంటి భాగం అది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి, దాన్ని చెక్కి, మళ్లీ పోత పోసి చేస్తారు. ఎముక తగిలే చోట ఖాళీ వదలాలి, కండ ఉన్న చోట బిగువుగా ఉండాలి, బిళ్లలు చర్మాన్ని వదలకూడదు. ఇది కంసాలి పనిలాంటిది, చెయ్యి తిరగాలి. హైదరాబాదు మే నెల ఎండలో సాకెట్ లోపల చెమట పడుతుంది. బిళ్ల అర అంగుళం జారితే నిన్న నేర్పిన ముద్ర ఇవాళ కుదరదు. చెయ్యి కిందికి వేలాడేసినప్పుడు, తలకన్నా పైకి ఎత్తినప్పుడు కూడా ఒకే పిడికిలికి వేర్వేరు సంకేతాలు వస్తాయి. ఇలాంటి చేతుల్ని చాలామంది కొన్నాళ్లు వాడి అలమారలో పెట్టేయడానికి బరువు, ఉక్కపోత, ఇవన్నీ కలిసి కారణం. భుజం కదలికతో తీగ లాగితే మూసుకునే పాత కొక్కెం చేతిని తీసిపారేయకూడదని అందుకే నా అభిప్రాయం. దాని తీగ బిగువులోనే పట్టు ఎంతుందో భుజానికి తెలుస్తుంది. ఖరీదైన మోటారు చేతులు చాలావాటికి ఆ మాత్రం స్పర్శ కూడా లేదు.

ఇంకొక విషయం ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన చెయ్యి చేసే అతి కష్టమైన పని అన్నం కలపడం. వేడి అన్నంలో పప్పు వేసి, నెయ్యి వేసి, మెతుకు చితికీ చితకకుండా కలిపి, ముద్ద చేసి, బొటనవేలితో నోట్లోకి నెట్టాలి. ఐదు వేళ్లూ వేర్వేరుగా కదలాలి, వేడి తెలియాలి, జిగురు తెలియాలి. బయోనిక్ చేతుల పట్టులు చెంచాకీ, ఫోర్కుకీ, తలుపు పిడికీ, సీసాకీ రూపొందించినవి. చాలావాటిని తడి తగలకుండా చూసుకోవాలి. సాంబారులో ముంచే ప్రశ్నే లేదు. కుడిచేయి పోయినవాడికి మన పంతిలో ఇంకో బాధ కూడా ఉంది, ఎడమచేత్తో తినడానికి మొహమాటం. చెంచా పట్టుకునేంత కృత్రిమ చెయ్యి ఉన్నా నలుగురిలో తినడం తేలికవుతుందంటే ఆ చేతి విలువ అక్కడ తెలుస్తుంది. చీర కుచ్చిళ్లు పోసుకోవడం, జడ అల్లుకోవడం, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టడం, ఇవన్నీ పట్టుల జాబితాలో చేరాలని నేను కోరుకుంటాను.

కాళ్ల విషయంలో ఇలా ఆలోచించినవాళ్లు మన దేశంలో ఉన్నారు. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి చేసిన జైపూర్ కాలు చెప్పు లేకుండా నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి, పొలం గట్టున బురదలో దిగడానికి చేసినది. ఆ కాలుతో సుధాచంద్రన్ నాట్యం చేయడం 1985లో ‘మయూరి’ సినిమాలో తెలుగువాళ్లంతా చూశారు.

హైదరాబాదుకూ ఒక దారి ఉంది. కంచన్‌బాగ్‌లో క్షిపణుల కోసం తయారైన తేలికపాటి కాంపోజిట్ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసిన నిమ్స్ ఆర్థోపెడిక్ డాక్టరు ఒకాయన, అబ్దుల్ కలాంను తన వార్డుకి తీసుకెళ్లారు. అక్కడి పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కేలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కలాం బృందం వాటిని 300 గ్రాములకు దించింది. మూడు దశాబ్దాల తరువాత, 2025 జులైలో, అదే కంచన్‌బాగ్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్, ఉప్పల్ మీదుగా వరంగల్ రోడ్డున ఉన్న బీబీనగర్ ఎయిమ్స్‌తో కలిసి కార్బన్ ఫైబర్ పాదాన్ని చూపించింది. 125 కిలోల బరువుకి పరీక్షించారు. దిగుమతి పాదం దాదాపు రెండు లక్షలుంటే దీని తయారీ ఖర్చు 20 వేల లోపే అన్నారు. అందులో మోటారు లేదు, సంకేతం లేదు. అయినా నా దృష్టిలో అది కండతో నడిచే అవయవాలకు పక్కా పునాది. ఇస్రో 2022లో చెప్పిన మైక్రోప్రాసెసరు మోకాలు ఇంకో మెట్టు. అది కండ మాట వినదు, నడక తీరును సెన్సర్లతో గమనించి సర్దుకుంటుంది. చేతుల వైపు చూస్తే, మన నగరంలోనే మేకర్స్ హైవ్ అనే సంస్థ ‘కల్‌ఆర్మ్’ పేరుతో బయోనిక్ చేయి తెచ్చింది.

ఇక్కడే తయారు కావడంలో ధర ఒక్కటే లాభం కాదు. వేలులో పళ్లచక్రం అరిగితే, బ్యాటరీ ఉబ్బితే, బిళ్ల తీగ తెగితే, మరుసటి రోజుకి బాగు చేసే మనిషి బస్సు దూరంలో ఉండాలి. పార్సిల్లో జర్మనీ వెళ్లి మూడు నెలలకు తిరిగొచ్చే చెయ్యి కూలికీ, మెకానిక్కుకీ ఎందుకు? వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ పట్టుకుని క్యాంపుల చుట్టూ తిరిగిన మనిషిని ఇంకోసారి తిప్పకూడదు.

చెయ్యి ఇచ్చే ముందు నేర్పుతారు. మొదట్లో చెయ్యే ఉండదు, తెర మీద రెండు గీతలుంటాయి. లోపలి కండ బిగిస్తే ఒకటి లేస్తుంది, వెలుపలిది బిగిస్తే రెండోది. నెలల తరబడి ఊరికే ఉన్న కండ పది నిమిషాలకే అలిసిపోతుంది. వారాల సాధన తరువాత చెయ్యి తొడుగుతారు. చెక్క దిమ్మలు ఎత్తమంటారు, ఆ తరువాత కాగితపు టీ కప్పు ఇస్తారు. మొదట ఖాళీది, కప్పు చప్పున నలిగిపోతుంది. ఇంకోటి ఇస్తారు. వేళ్లలో స్పర్శ లేదు కాబట్టి కళ్లు కప్పు మీదే ఉంటాయి. కొన్నాళ్లకు చెవులు కూడా చేరతాయి. వేళ్లు ఖాళీగా మూసుకునేటప్పుడు మోటారుది ఒక శబ్దం, కప్పుని తాకి బరువు పడగానే ఇంకొంచెం లోతైన శబ్దం. ఆ గొంతు మారిన క్షణంలో కండను వదిలితే కప్పు నలగదు. అప్పుడు అందులో నీళ్లు పోసి ఇస్తారు.