ఒకే బైబిల్, రెండు పక్షాలు

అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగానే 1864 ఎన్నికల్లో గెలిచాడు లింకన్. 1865 మార్చి 4న చేసిన ప్రమాణ స్వీకార ప్రసంగంలో మాత్రం ఆ గెలుపు ఊసే ఎత్తడు. బానిసత్వం మీద గొడవతో మెథడిస్టులు 1844లో, బాప్టిస్టులు 1845లోనే చీలిపోయారు. అయినా ఇరుపక్షాలదీ ఒకే బైబిల్, ఒకే దేవుడు అంటాడీయన. ఇంకొకరి చెమటతో రొట్టె తినడానికి దేవుడి సాయమా అని ఎత్తిపొడిచి, వెంటనే తీర్పు తీర్చొద్దనే మత్తయి సువార్త మాట అందుకుంటాడు. నాకిక్కడే పేచీ. చెమటోడ్చినవాళ్ళని అడక్కుండా ఈ పెద్దరికమేంటి?

తర్వాతి వాక్యాలు పేచీని సగం తీరుస్తాయి. యుద్ధాన్ని ఉత్తరాదికీ దక్షిణాదికీ కలిపి పడ్డ శిక్షగా చూస్తాడు. ఆయన చెప్పే క్రైస్తవ ఐక్యత ఆ నేరంలో వాటా దగ్గర మొదలవుతుంది.

మిగతా సగం? బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆ ప్రసంగం విన్నాడు. సాయంత్రం వైట్‌హౌస్ గుమ్మంలో పోలీసులు ఆయన్ని ఆపారు. ఎలాగో లోపలికెళ్ళాక, ఎలా ఉందని లింకన్ అడిగితే, పవిత్రమైన ప్రయత్నం అన్నాడు.