నాలుగు కోర్లు నాలుగింతల పని చేస్తాయా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టపొలాలలో బోరుబావిని ఎరుగని రైతు లేడు. బోరులో ఊట రెండించుల నీళ్లకు సరిపడేదే ఐనప్పుడు, ఎంత గట్టి మోటారు దించినా నిలకడగా వచ్చేవి రెండించుల నీళ్లే. అందుచేత నీళ్లు చాలనప్పుడు అనుభవజ్ఞుడైన రైతు ముందు ఊటను చూస్తాడు. తరవాతనే మోటారును గూర్చి ఆలోచిస్తాడు. కాని అదే రైతు కొడుకు పట్టణంలో మీ-సేవ కేంద్రం పెట్టుకొని, తన ల్యాప్‌టాప్ మందగించగానే ఊట మాట మరచి మోటారును మార్చబోతున్నాడు. "రెండు కోర్లది అమ్మేసి నాలుగు కోర్లది తీసుకో, ఎన్ని పనులైనా ఒక్కసారే నడుస్తాయి" అని అంగడిలో చెప్పే మాట అతనికి సహేతుకంగానే తోస్తుంది. అతడు వెచ్చించబోయేది నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము కనుక, ఈ మాటలో నిజమెంతో, అతిశయోక్తి ఎంతో విచారించవలసి ఉన్నది.

ప్రాసెసర్‌లో ఆజ్ఞలను అమలు జరిపే భాగమే కోర్. 2000 ప్రాంతం వరకు ఇళ్లలోని కంప్యూటర్లకు ఒకే కోర్ ఉండేది. ఏటేటా దాని వేగాన్నే పెంచుతూ వచ్చారు. వేగంతోపాటు వేడి కూడా పెరిగి, 2004 నాటికి ఆ దారి దాదాపు మూసుకొనిపోయింది. ఒక ఎద్దును ఇంకా ఉరికించడం సాధ్యం కానప్పుడు రెండవ ఎద్దును కట్టినట్లు, 2005లో ఇంటెల్, ఏఎండీ సంస్థలు రెండు కోర్ల ప్రాసెసర్లను సామాన్యుల కంప్యూటర్లకు అందించాయి. 2006 నవంబరులో ఇంటెల్ నాలుగు కోర్లది తెచ్చింది. అయితే తక్కువ విద్యుత్తుతో నడిచే పలుచని ల్యాప్‌టాప్‌లలో ఆ సంస్థ నాలుగు కోర్లను సాధారణం చేసింది 2017 ఆగస్టులో, ఎనిమిదవ తరం ప్రాసెసర్లతోనే. కోర్లు పెరగడం వేడి తెచ్చిన చిక్కునుండి తప్పించుకొనే ఉపాయంగా మొదలైనదని దీనివల్ల తెలుస్తుంది. అది వేగానికి నేరుగా బదులు కాదు.

ఎందుకు కాదో వరి సాగు చెబుతుంది. నలుగురు కూలీలు నాటే మడిని ఎనిమిదిమంది సగం కాలంలో నాటుతారు. కాని ఎనిమిదిమంది కాదు, ఎనభైమంది వచ్చినా నారుమడిలో నారు ఎదగడానికి పట్టే రోజులు తగ్గవు. కంప్యూటర్ పనులలో కూడా పంచుకోదగిన భాగమూ, ఒకదాని తరవాత ఒకటిగా జరుగవలసిన భాగమూ ఉంటాయి. ఈ సంగతిని 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే అమెరికన్ ఇంజనీరు స్పష్టంగా వాదించి చూపాడు. ఒక కోర్ మీద 60 నిమిషాలు పట్టే పనిలో సగమే పంచదగినదనుకొందాం. రెండు కోర్ల మీద అది 45 నిమిషాలలోను, నాలుగు కోర్ల మీద 37న్నర నిమిషాలలోను ముగుస్తుంది. కోర్లు రెట్టింపైనా మిగిలినది ఏడున్నర నిమిషాలే. పదింట తొమ్మిది పాళ్లు పంచదగిన పని ఐతే, 33 నిమిషాలది 19న్నరకు దిగుతుంది. కనుక ఫలితం కోర్ల సంఖ్యతోపాటు పని స్వభావం మీద కూడా ఆధారపడి ఉంటుంది.

"ఇది ఒక్క పనికి సంబంధించిన లెక్క, మా వద్ద పనులే అనేకం కదా" అని కేంద్రం నడిపేవారు అనవచ్చు. ఈ ఆక్షేపణ సరైనదే. వేర్వేరు పనులు వేర్వేరు కోర్ల మీద హాయిగా నడుస్తాయి. కాని తెరచి ఉన్నవన్నీ నడుస్తున్నవేనా? మీ-సేవ బల్లమీది ల్యాప్‌టాప్‌లో బ్రౌజరులో పది పదిహేను ట్యాబులు, స్కానర్ ప్రోగ్రాము, ఫొటోలు కత్తిరించేది, తెలుగు టైపింగు, వాట్సాప్ తెరచి ఉంటాయి. ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు నింపుతూ ఉండగా మిగిలినవాటిలో అధికభాగం నిద్రపోతూనే ఉంటాయి. నిద్రపోయే పనికి కోర్‌తో అవసరం చాలా తక్కువ. చోటు మాత్రం దానికి కావలెను. ఆ చోటే ర్యామ్.

అసలు రహస్యం ఇక్కడే ఉన్నది. ర్యామ్ చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొంత సమాచారాన్ని డిస్కుకు తరలించి, కావలసినప్పుడు తిరిగి తెస్తుంది. ర్యామ్‌నుండి సమాచారం అందడానికి పట్టేది సెకండులో కోటివ వంతు. తిరిగే హార్డ్‌డిస్కు నుండి ఐతే సుమారు నూరవ వంతు. అంటే లక్ష రెట్ల తేడా. ర్యామ్‌కు పట్టే కాలాన్ని ఒక నిమిషమనుకొంటే, హార్డ్‌డిస్కుకు రెండు నెలలపైన పడుతుంది. అంతసేపూ రెండు కోర్లున్నా, నాలుగున్నా, చేతులు కట్టుకొని కూర్చోవలసిందే. ఎస్‌ఎస్‌డీ హార్డ్‌డిస్కుకంటె నూరు రెట్లవరకు చురుకైనది కనుక ఈ నిరీక్షణను ఎంతో తగ్గిస్తుంది. 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌కు 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమర్చితే కలిగే మేలు, వాటిని అట్లాగే ఉంచి కోర్లను మాత్రం రెట్టింపు చేస్తే సాధారణంగా కలుగదు. ఖర్చు కూడా కొత్త యంత్రం వెలలో కొద్దిభాగమే. పోతే, ఇంటర్నెట్టు మందగించినా, దూరాన ఉన్న సర్వర్ మీద రద్దీ పెరిగినా తెర మీద గుండ్రని గుర్తు తిరుగుతూనే ఉంటుంది. దానికి ఏ ప్రాసెసరూ మందు కాదు.

అమ్మకపు మాటలలో మరొక లోపం పేర్ల మాయ. 2016లో వచ్చిన ఏడవ తరం ఇంటెల్ ఐ7-7500యు పేరు చూచి నాలుగు కోర్లని భ్రమపడినవారు అనేకులు. దానికి ఉన్నవి రెండే. ఒక్కొక్క కోర్ రెండు వరుసల పనిని పట్టుకొనే ఏర్పాటు ఉండుటచేత లెక్కలో నాలుగు కనిపిస్తాయి. నాలుగు కోర్లన్నీ సమానం కూడా కావు. 2023లో వచ్చిన ఎన్100 ప్రాసెసర్‌కు నాలుగు కోర్లున్నా, అవి తక్కువ విద్యుత్తు కోసం రూపొందించిన చిన్న కోర్లు. నలుగురు పిల్లలూ, నలుగురు పెద్దలూ నలుగురే ఐనా, మోయగల బరువు ఒకటి కాదు.

వేడిని కూడా మరువరాదు. రెండు కోర్ల ఐ5-7200యు, నాలుగు కోర్ల ఐ5-8250యు, రెండూ 15 వాట్ల కొలతకు నిర్మించినవే. మొదటిదాని మూలవేగం 2.5 గిగాహెర్ట్జ్, రెండవదానిది 1.6. వేడి తక్కువగా ఉన్నప్పుడు కొత్తది 3.4 వరకు ఎగబాకగలదు. కాని నాలుగు కోర్లకూ ఎడతెరపి లేకుండా పని పడితే వేగం తగ్గించుకొంటుంది. మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుండే నల్లగొండలో, రేకుల కప్పు కింద, గాలి దారులలో దుమ్ము పేరుకొన్న ల్యాప్‌టాప్‌కు ఈ తగ్గుదల ఇంకా ముందే వస్తుంది. దుమ్ము దులపడం కొన్నిచోట్ల కొత్త కోర్లకంటె లాభకరం.

ఇంతమాత్రాన నాలుగు కోర్లు వృథా అనడం అన్యాయం. మహబూబ్‌నగర్ పెళ్లిళ్ల వీడియోలు కూర్చేవారి పని అధికభాగం పంచదగినది. అక్కడ ప్రతి కోరూ కూలికి తగిన పని చేస్తుంది. పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో పెద్ద గణనలు చేసే విద్యార్థికీ, మొబైల్ ప్రోగ్రాములు రాసే యువకునికీ అంతే. వీడియో పాఠం వింటూ, తెరను రికార్డు చేస్తూ, మరొక ఫైలు సిద్ధం చేసే ఉపాధ్యాయునికి రెండు కోర్లు ఇరుకే. పైగా వేరొక కారణం వచ్చి పడింది. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ఇంటెల్ ప్రాసెసర్లు, కొద్ది మినహాయింపులతో, ఎనిమిదవ తరం నుండే మొదలవుతాయి. ప్రజల ఆధార్ పత్రాలు చేతబట్టే కేంద్రానికి భద్రత చిన్న విషయం కాదు. ఆ కారణంగా పాత యంత్రాన్ని మార్చడం వివేకమే. ఐతే అది భద్రత కోసం చేసే మార్పు. వేగం కోసమని భ్రమపడరాదు.

కొనేముందు చేయదగిన పరీక్ష ఒకటున్నది. దానికి కాసు ఖర్చు లేదు. రద్దీగా ఉన్న రోజున, అలవాటైన పనులన్నీ తెరచి, ల్యాప్‌టాప్ మందగించిన ఘడియలోనే టాస్క్ మేనేజర్‌ను తెరవవలెను. మెమరీ నిండి ఉంటే ర్యామ్ కావలెను. డిస్కు నూరు శాతం చూపుతూ ఉంటే ఎస్‌ఎస్‌డీ కావలెను. ర్యామ్ చాలకపోయినా డిస్కు అట్లాగే చూపవచ్చును గనుక రెండింటినీ కలిపి చూడవలెను. అన్నీ తీరికగా ఉండి పేజీ మాత్రం రాకపోతే లోపం ఇంటర్నెట్టులోనో, సర్వర్‌లోనో ఉన్నది. సీపీయూ గీత ఒక్కటే శిఖరాన నిలిచి దిగిరాకుంటే, ముందు దుమ్ము దులిపి, వెనుక నడిచే అనవసరపు ప్రోగ్రాములను ఆపి చూడవలెను. అప్పటికీ దిగకుంటే నాలుగు కోర్ల యంత్రం తన వెలకు తగిన ఫలమిస్తుంది.

ఊట తెలిసిన తరవాత మోటారు కొన్న రైతు నష్టపోడు. గీత చూచిన తరవాత కోర్లు కొన్నవాడూ అంతే.