లఘువు ఊరికి, గురువు ఢిల్లీకి

1996లో పార్లమెంటు షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీలకై చేసిన పెసా చట్టము గ్రామసభకు పట్టము గట్టెనని పలువురు మెచ్చుకొందురు. మా మణుగూరువంటి చోట నిలిచి చదివినగాని దాని బరువు తెలియదు. మన రాజ్యాంగమున భూమి రాష్ట్రజాబితాలోనిది. బొగ్గుగనుల నియంత్రణము కేంద్రమునది. మీది మన్ను గిరిజనేతరుల చేతికి పోకుండ 1970 నాటి ఒకటవ నిబంధనము అడ్డుపడుచున్నది. ఆ మన్ను క్రింద బొగ్గున్నచో గ్రామసభకు మిగిలినదేమి? గని కౌలునకు ముందు సిఫారసు తప్పనిసరియని చట్టము చెప్పినది లఘుఖనిజములకే. అనగా ఇసుక, కంకరవంటి వానికి. బొగ్గు అందు చేరదు. భూసేకరణకు సంప్రదింపు చాలుననెను. అదియు గ్రామసభనో, పంచాయతీనో. 2013 నాటి భూసేకరణచట్టము సమ్మతి కావలెనని దిద్దెను గాని, కేంద్రము 1957లో చేసిన బొగ్గుభూముల చట్టమును ఆ నియమమునకు వెలిగా నుంచెను.

దేశమునకు బొగ్గు వలదని మేమనము. ఐనను, ఊరినే పెల్లగించు గనికి ఊరి మాట అక్కరలేదనియు, వాగులోని ఇసుకకు మాత్రము కావలెననియు చెప్పు శాసనము న్యాయమగునా? పార్లమెంటు ఆ చట్టమునుండి “లఘు” అను రెండక్షరములు తొలగించుగాక. అప్పుడు గ్రామసభ యను మాటకు అర్థము కలుగును.