నమోదు కాని లీజు, దివాలాలో యజమాని హక్కు: ఫోర్జ్ తీర్పుపై విమర్శనాత్మక పరిశీలన

అద్దెకు తీసుకున్న కంపెనీ దివాలా తీస్తే, అద్దెకిచ్చిన వస్తువు యజమానికి తిరిగి వస్తుందా? వస్తుందనే సాధారణంగా అనుకుంటాం. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ అప్పీలు న్యాయస్థానం 2017లో ఇచ్చిన ఫోర్జ్ తీర్పు దీనికి భిన్నంగా ఉంది. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో ఇక్కడ పరిశీలిద్దాం.

అప్పుకు హామీగా ఆస్తిపై రుణదాతకు ఉండే హక్కు భద్రతా హక్కు. ఆస్ట్రేలియా 2009లో చేసిన చరాస్తి భద్రతల చట్టం కొన్ని దీర్ఘకాలిక లీజులను కూడా, వాటిలో అప్పు లేకపోయినా, భద్రతా హక్కుగానే పరిగణిస్తుంది. యజమాని ఈ హక్కును బహిరంగ రిజిస్టరులో నమోదు చేసుకోవాలి. నమోదు కాకముందే లీజుదారు కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళితే, 267వ సెక్షను ప్రకారం యజమాని హక్కు ఆ కంపెనీకే సంక్రమిస్తుంది.

జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 2013 మార్చిలో నాలుగు సంచార గ్యాస్ టర్బైన్లను ఫోర్జ్ అనే కంపెనీకి రెండేళ్ల లీజుకు ఇచ్చింది. ఆ లీజును నమోదు చేయలేదు. 2014 ఫిబ్రవరిలో ఫోర్జ్ నిర్వాహకుల చేతికి వెళ్లింది. యజమాని పక్షం రెండు వాదనలు చేసింది: లీజుకిచ్చిన సంస్థ క్రమం తప్పకుండా లీజు వ్యాపారం చేసేది కాదు, టర్బైన్లు భూమికి అమర్చినవి కాబట్టి చరాస్తి కావు. కోర్టు రెండింటినీ తిరస్కరించింది. విప్పి మరోచోటికి తరలించడానికే తయారైన యంత్రాలు భూమిలో భాగం కావని చెప్పింది. టర్బైన్లు యజమాని చేజారాయి.

చట్టాన్ని అన్వయించడంలో ఈ తీర్పు సరైనదే. ప్రశ్నించవలసింది చట్టం వెనుక ఉన్న కారణాన్ని. లీజు వస్తువులు చూసి కంపెనీ ఆస్తిపరురాలని నమ్మి అప్పిచ్చేవారు మోసపోకూడదన్నది నమోదు ఉద్దేశం. కానీ 267వ సెక్షను వర్తించడానికి ఎవరైనా మోసపోయారని రుజువు చేయనక్కరలేదు. టర్బైన్ల సంగతే తెలియకుండా అప్పిచ్చినవారు కూడా ఈ నియమం వల్ల లాభపడవచ్చు. అంటే రక్షణ కోసం పెట్టిన నియమం కొందరికి అయాచిత లాభంగా మారుతుంది.

దీనికి సమాధానం లేకపోలేదు. ప్రతి రుణదాత ఏమి నమ్మాడో విచారిస్తూ కూర్చుంటే దివాలా ప్రక్రియ ఏళ్లు సాగుతుంది. నమోదు ఖర్చు కొద్దిపాటిది. ఆ జాగ్రత్త యజమాని చేతిలోనే ఉంది. పెద్ద సంస్థల విషయంలో ఈ వాదన బలమైనది. ఒకటి రెండు యంత్రాలు అద్దెకిచ్చుకునే చిన్న వ్యాపారి విషయంలో అంత బలం లేదు. 2017లోనే ఆస్ట్రేలియా పార్లమెంటు లీజు కాలపరిమితిని ఏడాదికి మించినవి అన్న స్థాయి నుంచి రెండేళ్లకు మించినవి అన్న స్థాయికి పెంచింది. ఇది చిన్న వ్యాపారికి కొంత ఊరటే. అయితే తప్పుకు, శిక్షకు మధ్య పొంతన ఉందా అన్న ప్రశ్నను మాత్రం అది తాకలేదు.

భారత దివాలా స్మృతి, 2016 వేరే దారి పట్టింది. యాజమాన్యం బదిలీ కాకుండా, వాడుకకు మాత్రమే ఇచ్చిన ఇతరుల ఆస్తి 36వ సెక్షను ప్రకారం లిక్విడేషన్ ఆస్తిలో చేరదు. ఇక్కడ యజమానికి రక్షణ ఎక్కువ. అయితే కంపెనీ ఆవరణలోని యంత్రాల్లో ఏవి దాని సొంతమో తెలుసుకునే భారం అప్పిచ్చేవారిపై పడుతుంది. ఏ చట్టమైనా ఈ భారాన్ని ఎవరో ఒకరిపై మోపక తప్పదు. తక్కువ ఖర్చుతో మోయగలవారిపై మోపడం సబబు. మోయలేకపోయినవారు సర్వస్వం కోల్పోవాలనడం సబబు కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నమోదు చేయని యజమానికి వస్తువు పూర్తిగా పోకుండా, మోసపోయిన రుణదాతకు మాత్రమే రక్షణ దొరికేలా నియమాన్ని ఎలా మార్చవచ్చు? ఆ మార్పు వల్ల వచ్చే ఒక ఇబ్బందిని కూడా పేర్కొనండి.