పెడల్ తంతే కాలు తీయొద్దు

తొలకరి వానలు పడితే చాలు, కడపలో నేను బండి చూపించుకునే మెకానిక్కు దగ్గరికి ఒకటే ఫిర్యాదు. "బ్రేకు తొక్కితే పెడల్ కాలిని తంతాందన్నా, లోపల ఏదో ఇరిగింది." ఆయన తలెత్తకుండానే, "ఏం ఇరగలేదులే, ఏబీఎస్ పని చేస్తాంది. తొక్కినోడివి తొక్కినట్టే ఉండల్ల" అంటాడు.

బండి తాళాలిచ్చేటప్పుడు ఈ ముక్క చెప్పేవాళ్లను నేను చూడలేదు. కొత్త కార్లకూ, 125 సీసీ దాటిన బైకులకూ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంటే చక్రాలు జామ్ కాకుండా చూసే బ్రేకు ఏర్పాటు, తప్పనిసరి. మన కాళ్లు మాత్రం ఇంకా అంబాసిడర్ కాలంలోనే ఉన్నాయి: తొక్కు, వదులు, మళ్లీ తొక్కు.

ఇప్పుడా పని యంత్రానిది. చక్రం దగ్గర పళ్ల రింగు, దానికెదురుగా సెన్సరు. చక్రం ఉన్నట్టుండి నెమ్మదిస్తే జామ్ కాబోతోందని కంట్రోలు యూనిట్ పసిగడుతుంది. ఆ చక్రానికి పోయే బ్రేకు ఆయిల్‌ను ఒక వాల్వు ఆపుతుంది, ఇంకోటి ఒత్తిడి వదులుతుంది, పంపు ఆ ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది. ఇదంతా సెకనుకు ఎన్నోసార్లు. కాలికి తగిలేది ఆ తోపుడే. ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఈ సరంజామానే వాడుకుంటుంది. ఊరికే గిర్రున తిరిగే చక్రానికి బ్రేకు పట్టించి, ఇంజన్ జోరు తగ్గిస్తుంది. నంద్యాల దిక్కు ట్రాక్టర్లు మోసుకొచ్చిన నల్లరేగడి తారు మీద తడిస్తే దీని విలువ తెలుస్తుంది.

ఒకసారి మా మెకానిక్కు సెన్సరు ఊడదీసి చూపించాడు. కొనకు మీసంలా ఇనప రజను. గుడ్డతో తుడిచి బిగించాడు, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం ఆరిపోయింది. ఆ దీపం వెలుగుతున్నంతసేపూ మామూలు బ్రేకులుంటాయి గానీ ఏబీఎస్ ఉండదు.

ఏబీఎస్ ఉంటే బండి ఎక్కడంటే అక్కడ ఆగుతుందనుకోవడం మాత్రం భ్రమ. జామ్ అయిన ముందు చక్రాన్ని ఎటు తిప్పినా బండి నేరుగానే పోతుంది. ఆ గతి పట్టకుండా, స్టీరింగు మాట వినేలా చూడటం దీని ముఖ్యమైన పని. కంకర మీదైతే ఆగే దూరం పెరగొచ్చు కూడా. జామ్ అయిన చక్రం ముందు రాళ్లు కుప్పపడి బండిని నిలేస్తాయి, ఏబీఎస్ ఆ కుప్ప పడనివ్వదు. మన పల్లె రోడ్లకు సగం దూరం కంకరే, మిగతా సగం ఆరబోసిన శెనక్కాయలు!

ఇక రాయచోటి నుంచి కడపకు దిగే గువ్వలచెరువు ఘాట్. పాలకోవా కోసం ఆగినప్పుడు పక్కన నిలిచిన లారీల చక్రాల దగ్గర కాలిన లైనింగు వాసన ముక్కుకు తగులుతుంది. లారీలవి గాలి బ్రేకులు, కార్లవి ఆయిల్ బ్రేకులు. వేడి రెంటికీ శత్రువే. వేడెక్కి పట్టు తప్పిన బ్రేకుకు ఏబీఎస్ చేయగలిగింది ఏమీ లేదు. కొత్త డాట్-4 రకం బ్రేకు ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. ఏళ్ల తరబడి తేమ పీల్చినదైతే 155 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే బుడగలు, బుడగలొస్తే పెడల్ అడుక్కి.

అందుకే రెండేళ్లకోసారి బ్రేకు ఆయిల్ మార్పించండి. ఘాట్ దిగేటప్పుడు మలుపు రాకముందే గేరు తగ్గించండి, బండిని ఇంజనే పట్టుకోనీయండి.