కుర్చీ మారిన ప్రొఫెసర్

ప్రొఫెసర్‌గారిని రిజిస్ట్రార్‌గా వేస్తూ ఉత్తర్వు వచ్చిన రోజున శాలువాలూ బొకేలూ. మర్నాటి నుంచి ఫైళ్లు. ఆడిట్ అభ్యంతరానికి జవాబు ఎలా రాయాలో, మెస్ బిల్లు ఆగితే హాస్టల్‌లో ఏమవుతుందో నేర్పేవాళ్లెవరూ ఉండరు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషికి ఇదీ వచ్చే ఉంటుందని అందరం అనుకుంటాం. రాదు.

నేను గైడ్‌గా ఉన్న ఒక అమ్మాయి పీహెచ్‌డీ ఫైలు ఇప్పటికీ గుర్తుంది. పరీక్షకుల రిపోర్టులు అనుకూలంగానే వచ్చాయి, వైవాకి తేదీ ఇవ్వడమే మిగిలింది. ఒక రిపోర్టులో అధ్యాయాల వరుస గురించి చిన్న సూచన ఉంది. డీన్‌గారు నిజమైన పండితులు. ఆసాంతం చదివి, నోట్ కింద పచ్చ సిరాతో ‘మాట్లాడండి’ అని రాసి సెక్షన్‌కి పంపేశారు. ఎవరు మాట్లాడాలో రాయలేదు. ఆ ఫైలు బీరువాలోంచి బయటికొచ్చేలోగా, ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టాలనుకున్న లెక్చరర్ పోస్టుకు గడువు దాటిపోయింది. పరిశోధనలో సందేహాన్ని ఎన్నాళ్లయినా మోయొచ్చు. ఆఫీసులో మన సందేహం తీరేదాకా ఇంకొకరి బతుకు ఆగుతుంది.

అలాగని ఐఏఎస్‌లనే కూర్చోబెట్టాలన్న వాదన నాకు రుచించదు. 2024 మేలో వీసీల పదవీకాలం ముగిశాక తెలంగాణలో కొన్ని నెలలు జరిగింది అదే. ఫైళ్లు కదలొచ్చు. కానీ ఏ విభాగానికి ఎలాంటి మనిషి కావాలో చదువులో మునిగినవాళ్లకే తెలుస్తుంది. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వీసీగా వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వశాస్త్రం ప్రొఫెసర్. ఆయన హయాంలోనే అక్కడ సైన్సు వేళ్లూనుకుంది. ఫిజిక్సుకు సూరి భగవంతం, కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి వంటి యువకులు వచ్చారు. ఆయనకు ముందూ తర్వాతా వీసీగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి అప్పటికే మైసూరులో కాలేజీ ప్రిన్సిపాల్‌గా, విద్యాశాఖాధికారిగా చేయి తిరిగినవారు.

ఆ చేయి తిరగడానికే ఇప్పుడు దారి లేదు. విభాగాధిపతి పదవి వంతులవారీగా వస్తుంది, పని పట్టుబడేలోపు దిగిపోవాలి. పదవి ఇవ్వబోయేవారిని ముందు ఒక ఏడాది పరీక్షల విభాగంలో, అకౌంట్స్‌లో కూర్చోబెట్టాలి. పాతికేళ్ల సర్వీసున్న సూపరింటెండెంట్ పక్కన కుర్చీ వేసుకుని నేర్చుకోవడానికి ప్రొఫెసర్ నామోషీ పడకూడదు. ఏ కాగితం ఆగితే ఏ గెస్ట్ లెక్చరర్‌కి జీతం రాదో, ఎవరి స్కాలర్‌షిప్ వెనక్కి పోతుందో ఆ సూపరింటెండెంట్ ఫైలు అట్ట చూసి చెప్పేస్తారు.